ఇల్లు లేనివారి గురించి చిన్నపిల్లలకు ఎలా చెప్పాలి?

చెన్నై సెంట్రల్ స్టేషన్ దగ్గర రోడ్డు పక్క ప్లాట్‌ఫారం (ఫుట్‌పాత్) మీద వంట చేసుకుంటున్న కుటుంబాన్ని చూసి మూడో తరగతి పిల్లవాడు "వీళ్ళ ఇల్లేది?" అని అడిగితే, "చదవకపోతే నీకూ అదే గతి" అని బెదిరించడం మనకు అలవాటు, దానివల్ల వాడిలో భయమూ చిన్నచూపూ తప్ప మరేమీ పెరగవు. అద్దె భారం, జబ్బు, పని పోవడం, ఇంట్లో హింస వంటి కారణాలను వాడికి తెలిసిన మాటల్లో చెప్పాలి. చెన్నైలోనే జార్జ్ టౌన్ రోడ్ల పక్కన తరతరాలుగా ఉంటూ రోజూ పనికి వెళ్ళే కుటుంబాలు ఉన్నాయని కూడా చెప్పాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ఇల్లు లేనివారు సుమారు 17.7 లక్షలు, అయితే ఆ అంకె కంటే "రాత్రి వాన వస్తే పుస్తకాల సంచి ఎక్కడ దాచుకుంటావు?" అన్న ప్రశ్నే పిల్లవాడికి అందుతుంది. వాడి చేత చిల్లర వేయించి ఫొటో తీయడం మాత్రం వద్దు.