పాత కాటమరాన్ కొన్నాక ముందు చూడాల్సినవి

నాయనా,

ఆశీస్సులు. నువ్వు కొన్న హోబీ 16, అదే ఆ రెండు హల్‌ల చిన్న తెరచాప పడవ, ఫొటోలు చూశాను. పడవ మంచిదే, విడిభాగాలకు కొదవ లేదు. కాకపోతే కొత్త తెరచాప, రంగు అంటూ అప్పుడే మొదలుపెట్టకు. ముందు హల్, అంటే నీళ్లమీద తేలే బోలు దేహం, గట్టిదో కాదో తేలాలి. అది మెత్తబడి ఉంటే పైన పెట్టే ప్రతి రూపాయీ నీళ్లపాలే.

హల్ గోడంటే లోపలా బయటా ఫైబర్‌గ్లాస్ పొరలు, నడుమ పలుచటి ఫోమ్. పొర ఫోమ్‌ని వదిలేస్తే ఆ చోట బలం పోతుంది. రెండు బొటనవేళ్లతో అంగుళం అంగుళం నొక్కుకుంటూ పో. రెండు హల్‌లనూ కలిపే ముందు అడ్డబారు కాళ్లకు ముందుండే డెక్ (హల్ పైభాగం) మీద మరీ జాగ్రత్తగా చూడు, ఎక్కువగా ఊడేది అక్కడే. నాణెంతో తట్టు కూడా: గట్టి చోట ఖంగుమంటుంది, ఊడిన చోట బోలుగా డబడబలాడుతుంది. మెత్తటి మేర చుట్టూ పెన్సిల్ గీత గీసుకో. అరచేయంత ఉంటే భయం లేదు. మూరెడు దాటితే ఇంకో హల్ వెతుక్కోవడమే నయం.

బాగుచేయడం ఇలా. గీత లోపల 25 మి.మీ. ఎడంతో 3 మి.మీ. రంధ్రాలు వెయ్యి. బయటి పొర దాటి ఫోమ్ దాకానే దిగాలి, లోపలి పొరకు తగలకూడదు. డ్రిల్ బిట్‌కి టేప్ చుట్టుకుంటే లోతు తెలుస్తుంది. తర్వాత కొన్ని రోజులు ఆరనివ్వు. తడి ఫోమ్‌కి ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) పట్టదు, ఈ పని చెడేది ఎక్కువగా ఈ తొందర వల్లే. పలుచటి ఎపాక్సీని సిరంజితో అన్నిటికన్నా కింది రంధ్రంలోంచి మెల్లగా ఎక్కించు, అప్పుడే లోపలి గాలి పైకి తప్పుకుంటుంది. పక్క రంధ్రంలోంచి ఉబికి రాగానే దీనికి టేప్ వేసి అందులోకి మారు. ఒకేసారి గిన్నెడు కలపకు, వేడెక్కి చేతిలోనే గడ్డకడుతుంది. గట్టిపడ్డాక సాండ్ చేసి రంగు వెయ్యి, ఎండకి ఎపాక్సీ ఓర్చుకోలేదు.

లీకు పట్టడానికి సబ్బునీళ్లు చాలు. డ్రెయిన్ ప్లగ్ (హల్‌లో చేరిన నీళ్లు వదిలే మూత) తీసి ఆ రంధ్రానికి గొట్టం బిగించి నోటితో ఊదు, ఇంకొకరు అతుకుల మీద, చుక్కాని బ్రాకెట్ స్క్రూల దగ్గర నురగ పూస్తూ బుడగలు చూడాలి. గాలి రంధ్రం ఉంటే అంతసేపూ టేప్ వెయ్యి, తర్వాత మరవకుండా తీసెయ్యి. కంప్రెసర్ మాత్రం పెట్టకు, అతుకే విచ్చుకుంటుంది. చాలాసార్లు అసలు దొంగ ఆ ప్లగ్‌కుండే రబ్బరు వాషరే!

మాస్ట్‌ని (తెరచాప స్తంభాన్ని) నిలబెట్టే స్టీలు తీగల వయసు అమ్మినవాడు చెప్పలేకపోతే మొత్తం సెట్టు మార్చెయ్యి. అందులో బేరం లేదు. తీగ తెగేది నడుమ కాదు, చివర బిగించిన గొట్టంలోకి దూరే చోట. పాత గుడ్డతో ఆ మొదలు తుడువు. తెగిన పోగుంటే గుడ్డ పట్టుకుంటుంది.

మాస్ట్ మీద స్టీలు రివెట్ల చుట్టూ తెల్లటి పొడి కనిపిస్తే ఉప్పునీటికి మాస్ట్ అల్యూమినియం తినుకుపోతోందన్నమాట. తీసి, రెండు లోహాలూ తగలకుండా పేస్టు రాసి మళ్లీ కొట్టు.

చుక్కాని బరువుగా లాగుతుంటే నీ చేతిని తప్పుపట్టకు. పలక పూర్తిగా కిందికి దిగి లాక్ అవుతోందా చూడు. కాస్త వెనక్కి వాలి ఉన్నా లాగుడు తప్పదు. హల్‌కొకటి చొప్పున ఉండే రెండు చుక్కాని పలకల మధ్య దూరం ముందూ వెనకా కొలువు. సమానంగా గానీ, ముందు 3 మి.మీ. తక్కువగా గానీ ఉండాలి. తేడాని టిల్లర్లను (చుక్కాని తిప్పే పిడులను) కలిపే బారు చివర సరిచేసుకోవచ్చు.

ట్రాంపొలీన్ (హల్‌ల నడుమ కూర్చునే గుడ్డ) తాళ్లు తడిసి సాగుతాయి, మొదటి రోజు తిరిగొచ్చాక మళ్లీ బిగించు.

మాస్ట్ 26 అడుగుల పైచిలుకు. ఎత్తేముందు తలెత్తి కరెంటు తీగలు చూడు. లేపాక ట్రాలీ మీద తోసుకెళ్లే దారంతా ముందు ఉత్త చేతులతో ఒకసారి నడిచి రా.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న