పెద్ద రెస్టారెంట్ల రుచి వచ్చే రెసిపీలు ఆన్‌లైన్‌లో అమ్మితే ట్రేడ్‌మార్క్ సమస్య వస్తుందా?

పేరున్న రెస్టారెంట్ల వంటకాలు అదే రుచితో ఇంట్లో ఎలా చేయాలో పీడీఎఫ్‌గా రాసి 149 రూపాయలకు అమ్మాలనుకుంటున్నాను, టైటిల్‌లో వాళ్ల పేర్లు పెట్టొచ్చా అని అడిగారు. పెట్టకండి. రెసిపీ హాయిగా అమ్ముకోండి, దానికి ఎవరూ అడ్డు రారు, కానీ అట్ట మీద వాళ్ల పేరు వద్దు. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే నాకు నోటీసు వచ్చింది కాబట్టి.

మూడేళ్ల కిందట నేను ఇలాంటి పుస్తకమే చేశాను, 22 వంటలు, 99 రూపాయలు. అందులో అసలైనది ఒక రెస్టారెంట్ బిర్యానీ, ఆ రుచి పట్టుకోవడానికి ఉల్లిపాయ ఏ రంగు వచ్చేదాకా వేగాలి, షాజీరా ఎంత పడాలి, బియ్యం ఎంత పలుకుండగా దించి దమ్ముకి పెట్టాలి అని వారం వారం వండుతూ నెలల తరబడి తిప్పలు పడ్డాను. కష్టమంతా నాదే కదా, ఇంక ఎవరేమంటారు అనుకున్నాను. అట్ట మీద మాత్రం ఆ రెస్టారెంట్ పేరు పెద్ద అక్షరాల్లో వేసి, కింద చిన్నగా 'లాంటి బిర్యానీ మీ ఇంట్లో' అని పెట్టాను, రంగులు కూడా వాళ్ల బోర్డువే. 61 కాపీలు అమ్ముడుపోయాక ఒకరోజు పొద్దున్నే మెయిల్ చూస్తే పుస్తకం పేజీ తీసేశామని ఉంది, ట్రేడ్‌మార్క్ హక్కుదారు ఫిర్యాదట. మూడు వారాలకి వాళ్ల లాయర్ నోటీసు: పేరు వాడటం ఆపాలి, ఎన్ని అమ్మారో లెక్క చెప్పాలి, మళ్లీ వాడనని రాసివ్వాలి, 15 రోజుల గడువు. టెన్షన్‌తో ఆ రాత్రి అన్నం సయించలేదు.

మా ఊళ్లో ఒక లాయర్ గారికి చూపిస్తే ఆయన ఫోన్‌ని చేయి చాచి దూరంగా పట్టుకుని, "ఇట్లా చూసినవాళ్లు ఇది ఎవరి పుస్తకం అనుకుంటారమ్మా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. చివరి పేజీలో 'ఆ సంస్థతో మాకు సంబంధం లేదు' అని రాశాను సార్ అంటే, కొనేవాళ్లు డబ్బు కట్టేది అట్ట చూసి, చివరి పేజీ కంటపడేది కొన్న తర్వాత కదా అన్నారు.

ఆయన విడమరిచి చెప్పింది ఇదీ. దినుసుల జాబితా, వండే పద్ధతి ఎవరి సొత్తూ కాదు, వాటి మీద కాపీరైట్ కూడా ఉండదు. వాళ్లు రాసిన వాక్యాలు, తీసిన ఫొటోలు ఎత్తుకొస్తే మాత్రం ఉంటుంది. తిని, ప్రయత్నించి, పట్టుకున్న రుచితో మీకు ఇబ్బంది లేదు, ఆ కిచెన్‌లో పనిచేసి బయట చెప్పనని సంతకం పెట్టినవాళ్ల సంగతి వేరు. పేరు, లోగో దగ్గరికి వచ్చేసరికి 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం, సెక్షన్ 29 వస్తుంది. అదే పేరు కానక్కర్లేదు, జనం పొరబడేంత దగ్గరగా ఉన్నా చాలు. వాళ్ల పేరు ఇంగ్లీషులో ఉంది, నేను తెలుగులో రాశాను కదా అంటే కుదరదు, ఒక అక్షరం మార్చినా అంతే, చెవికి ఎలా వినిపిస్తుందో కూడా చూస్తారు. అదే సెక్షన్‌లో పేరుని నోటితో పలకడం కూడా ఉల్లంఘన కావచ్చని ఉంది, వీడియోలు చేసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. లోపల ఎక్కడో ఒక వాక్యంలో 'ఫలానా చోట తిన్న రుచికి దగ్గరగా రావాలని ప్రయత్నించాను' అని మామూలు అక్షరాల్లో రాసుకోవడానికి సెక్షన్ 30 చోటిస్తుంది, అది కూడా నిజాయితీగా, వాళ్ల పేరుతో గిరాకీ తెచ్చుకోకుండా ఉంటేనే.

వంట పేరుకీ, బ్రాండ్ పేరుకీ ఉన్న తేడా తెలిస్తే సగం భయం పోతుంది. నెస్లే మ్యాగీకి 'మ్యాజికల్ మసాలా' అని పెట్టుకుందని, తమ యిప్పీ నూడుల్స్‌ది 'మ్యాజిక్ మసాలా' అని ఐటీసీ కోర్టుకెళ్తే, ఆ మాటలు ఏ ఒక్కరి సొంతం కావని మద్రాస్ హైకోర్టు 2020లో తేల్చింది. 2024లో ఢిల్లీ హైకోర్టుకెక్కిన మోతీ మహల్, దరియాగంజ్ రెస్టారెంట్ల గొడవ కూడా బటర్ చికెన్‌ని మొదట చేసిందెవరు, ఆ మాట బోర్డు మీద ఎవరు వేసుకోవాలి అన్నదాని మీదే, బటర్ చికెన్ మాత్రం ప్రతి ధాబాలోనూ దొరుకుతుంది. కాబట్టి దమ్ బిర్యానీ, బటర్ చికెన్ అని నిశ్చింతగా రాసుకోండి. రెసిపీతో ఆగకుండా వండి అమ్మే ఆలోచన ఉంటే ఊరి పేర్లతో జాగ్రత్త: తిరుపతి లడ్డుకి 2009లో, హైదరాబాద్ హలీమ్‌కి 2010లో, బందరు లడ్డుకి 2017లో, ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ గుర్తింపు, అంటే ఆ ప్రాంతపు సరుకుకే ఆ పేరు చెల్లుతుందనే భౌగోళిక గుర్తింపు, వచ్చింది, ఆ పేర్లతో ఎవరు పడితే వాళ్లు సరుకు అమ్మకూడదు.

నా విషయంలో వాళ్లు డబ్బు అడగలేదు, రాసిస్తే వదిలేశారు. వచ్చింది 6,039 రూపాయలు, అందులో 4,000 లాయర్ గారి ఫీజుకే పోయింది. దానికంటే పాత పోస్టులన్నీ తీయడం పెద్ద పని, రెండు రాత్రులు పట్టింది. రీల్స్ కవర్లు, హ్యాష్‌ట్యాగులు, వాట్సాప్ కేటలాగ్, ఒక పాత వీడియోలో నా గిన్నె పక్కనే కనిపిస్తున్న వాళ్ల పార్సిల్ డబ్బా. అన్నీ అయిపోయాయనుకుని కొత్త అట్టతో మళ్లీ పెట్టబోతుంటే మా అబ్బాయి చూసి చెప్పాడు, పీడీఎఫ్ ఫైల్ పేరులో ఆ రెస్టారెంట్ పేరు అలాగే ఉందని. డౌన్‌లోడ్ చేసుకున్న ప్రతివాళ్లకీ కనిపించేది అదే.

మీరింకా మొదలుపెట్టలేదు కాబట్టి పని తేలికే. మీకంటూ ఒక పేరు అనుకుని, ట్రేడ్‌మార్క్స్ వెబ్‌సైట్‌లో ఎవరికైనా ఉందేమో వెతకండి, అది ఉచితం. రిజిస్టర్ చేయించుకోవాలంటే వ్యక్తులకి ఆన్‌లైన్‌లో ఒక్కో క్లాసుకి (అంటే సరుకుల విభాగానికి) 4,500 రూపాయలు, పదేళ్లు ఉంటుంది. మసాలా పొడులు కూడా అమ్మే ఉద్దేశం ఉంటే క్లాసు 30 చూడండి. అట్ట తయారయ్యాక ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.