చలానా ఎవరి పేర రాస్తారు? – ఒక యువ రచయితకు లేఖ

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. ముఖం కప్పే ముసుగును ఎక్కడికక్కడ నిషేధించాలని, ఫ్రాన్స్ అందుకు దారి చూపించిందని రాశావు. వాక్యం బాగా నడుస్తోంది. కోపం కూడా నిజమైనదే. నీ అభిప్రాయంతో నేను ఏకీభవించను, అయితే నిన్ను నా వైపు తిప్పుకోవడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. నాలాంటి వాళ్లు కూడా కొట్టిపారేయలేని వ్యాసం నువ్వు రాయగలవు. ఇది ఇంకా అక్కడిదాకా రాలేదు.

మొదటి పేరాలోనే హిజాబ్, కళ్లు తప్ప ముఖమంతా కప్పే నఖాబ్, ఒళ్లంతా కప్పే బురఖా మూడింటినీ ఒకే గాటన కట్టేశావు. ఉడుపి కాలేజీలో గొడవ తలకు చుట్టుకునే స్కార్ఫు మీద. అందులో ముఖం కనిపిస్తూనే ఉంటుంది. 2022 మార్చిలో కర్ణాటక హైకోర్టు తీర్పు, అక్టోబరులో సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరూ చెరో మాట చెప్పడం, అన్నీ ఆ స్కార్ఫు గురించే. ఫ్రాన్స్‌లోనూ స్కార్ఫుకు వేరే చట్టం ఉంది. అది 2004 నాటిది, ప్రభుత్వ బడులకే పరిమితం. నువ్వు మెచ్చుకుంటున్న 2010 చట్టం ముఖానికి సంబంధించింది. ఈ తేడా తెలిసిన పాఠకుడు నీ రెండో పేరా దాకా రాడు.

ఆ చట్టాన్ని ఒకసారి చదువు. రెండు పేజీలు కూడా ఉండదు. బహిరంగ స్థలంలో ముఖాన్ని దాచే దుస్తులు ఎవరూ వేసుకోరాదు అన్నదే మొదటి నిబంధన. బురఖా అన్న మాట గానీ ఇస్లాం అన్న మాట గానీ ఎక్కడా కనిపించదు. ఆరోగ్య కారణాలకు, ఆటలకు, పండగ వేషాలకు మినహాయింపులున్నాయి. ముసుగు వేసుకుంటే 150 యూరోల దాకా జరిమానా, లేదా పౌరసత్వ పాఠాల తరగతి. ఇంకొకరిని బలవంతపెట్టి ముసుగు వేయిస్తే ఏడాది జైలు, 30,000 యూరోలు. ఈ రెండో శిక్షను చూసే నువ్వు చట్టం ఆడవాళ్ల పక్షాన ఉందని రాశావు. కాగితం మీద అది నిజమే. అమల్లో ఏం జరుగుతుందో ఆలోచించు. బలవంతం రుజువు కావాలంటే భార్యో కూతురో కోర్టుకెక్కి ఇంట్లోవాళ్ల మీద సాక్ష్యం చెప్పాలి. ముసుగు వేసుకున్న మనిషిని పట్టుకోవాలంటే వీధి మలుపులో ఒక పోలీసు చాలు. చలానా ఎవరి పేర తెగుతుంది?

చట్టం 2011 ఏప్రిల్ 11న అమల్లోకి వచ్చింది. మే 5న పారిస్‌కు దగ్గర్లోని మో పట్టణంలో ఇద్దరు ఆడవాళ్లు నఖాబ్ వేసుకుని మునిసిపల్ ఆఫీసుకు వెళ్లారు. చేతిలో బాదం కేకు. ఆ రోజు మేయర్ జాఁ ఫ్రాంస్వా కోపే పుట్టినరోజు. ఈ చట్టం కోసం గట్టిగా పట్టుబట్టిన నాయకుల్లో ఆయనొకరు. పోలీసులు వాళ్లను ఆపారు. సెప్టెంబరులో కోర్టు ఒకామెకు 120 యూరోలు, ఇంకొకామెకు 80 యూరోలు జరిమానా వేసింది. నీ వ్యాసంలో 'అణగారిన మూగ స్త్రీ' అని ఉంది కదా, ఆ మాట పక్కన ఈ కేకును పెట్టి చూడు. వీళ్లు మూగవాళ్లలా ఉన్నారా? వీళ్లూ ఉన్నారు, నువ్వు చెప్పే ఆమె కూడా ఎక్కడో ఉంది. ఇద్దరికీ పడేది ఒకటే చలానా.

ఇక నీ వాదన అసలు బలం చూద్దాం. భద్రత, స్త్రీ పురుష సమానత్వం అనే రెండు స్తంభాల మీద వ్యాసమంతా నిలబెట్టావు. 2014 జులై 1న స్ట్రాస్‌బర్గ్‌లోని యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం ఈ చట్టాన్ని సమర్థించిందని గర్వంగా రాశావు కూడా. సమర్థించిన మాట నిజం. కానీ తీర్పులో ఏ కారణంతో సమర్థించిందో నువ్వు చూడలేదు. ఫిర్యాదు చేసింది పాకిస్థాన్ మూలాలున్న ఒక ఫ్రెంచ్ యువతి. ఇంట్లో ఎవరూ తనను బలవంతపెట్టలేదని, మనసుకు తోచినప్పుడే నఖాబ్ వేసుకుంటానని, తనిఖీలో అడిగితే ముఖం చూపిస్తానని చెప్పుకుంది. భద్రత కోసమైతే అవసరమైన చోట ముఖం చూపించమంటే చాలు, అన్ని చోట్లా నిషేధం అక్కర్లేదు అంది న్యాయస్థానం. సమానత్వం మాటకొస్తే, ఆడవాళ్లు తామే తమ హక్కుగా చెప్పుకుంటున్న దాన్ని ఆ ఆడవాళ్లనే కాపాడే పేరుతో నిషేధించడం కుదరదంది. నీ రెండు స్తంభాలూ అక్కడే పడిపోయాయి. చివరికి నిలిచింది ఒక్కటే: ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కలిసి బతకడం ఆ సమాజం ఎంచుకున్న పద్ధతి, దాన్ని కాపాడుకునే వీలు ప్రభుత్వానికి ఉంది అని. 17 మందిలో ఇద్దరు న్యాయమూర్తులు దీనికీ ఒప్పుకోలేదు. 2018లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ, ఇదే చట్టం కింద శిక్ష పడ్డ ఇద్దరు స్త్రీల ఫిర్యాదుల మీద, ఫ్రాన్స్ వాళ్ల హక్కులను కాలరాసిందని తేల్చింది. నిషేధం వైపే నిలబడతానంటే నిలబడు. అయితే 'కలిసి బతకడం' అన్న వాదన మీద నిలబడు. అది తేలికైన వాదన కాదు. ముఖం కనిపించని మనిషితో మాట కలపడం నిజంగానే కష్టమని అనుకునేవాళ్లందరూ ద్వేషంతో అనుకోవడం లేదు. వాళ్ల మాటకు తగిన చోటివ్వు. 2020లో బస్సులో, రైల్లో మాస్కు లేకపోతే 135 యూరోలు, ముసుగు ఉంటే 150 యూరోలు అన్న పరిస్థితిలో ఆ వాదన ఎలా నిలబడిందో కూడా నువ్వే రాయాలి.

లెక్కలు కూడా చూసుకో. 'లక్షలాది స్త్రీలు' అని రాశావు. ఫ్రాన్స్‌లో చట్టం రాకముందు నఖాబ్ వేసుకునేవాళ్లు సుమారు 1,900 మంది అని అక్కడి హోంశాఖ అంచనా. స్విట్జర్లాండ్‌లో 2021 మార్చి 7న ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే 51.2 శాతం నిషేధానికి ఓటేశారు. అప్పుడు దేశం మొత్తంలో నఖాబ్ వేసుకునేవాళ్లు ముప్పై మంది అటూ ఇటూ అని పరిశోధకుల అంచనా.

నాకూ ముసుగు మీద మమకారం లేదు. ఆడమనిషి ముఖం లోకానికి కనపడకూడదనే ఏ ఆచారమూ నాకు నచ్చదు, అది ఏ మతానిదైనా సరే. ఉత్తరాంధ్రలో పేరున్న హిందూ కుటుంబాల్లో ఘోషా ఉండేది. విశాఖపట్నంలో విక్టోరియా ఆసుపత్రిని జనం ఇప్పటికీ ఘోషాసుపత్రి అనే అంటారు. పరాయి మగవాళ్ల కంట పడకూడని ఆడవాళ్లు కూడా వచ్చి వైద్యం చేయించుకోగలిగిన చోటు అది. ఘోషా పాటించినందుకు ఏ పోలీసూ వాళ్లకు చలానా రాయలేదు. ఆడపిల్లలు బడికి వెళ్లారు, ఉద్యోగాలకు వెళ్లారు, ఘోషా పోయింది. ఇరాన్‌లో రెండు దారులూ తొక్కి చూశారు. 1936లో అక్కడి రాజు రెజా షా ముసుగును నిషేధిస్తే పోలీసులు వీధుల్లో ఆడవాళ్ల తలల మీది గుడ్డలు లాగేశారు, ఎంతోమంది ఇల్లు దాటడం మానేశారు. 1979 తర్వాత వచ్చినవాళ్లు అదే గుడ్డను తప్పనిసరి చేశారు, 2022లో ఆ గుడ్డ సరిగా కట్టుకోలేదని పోలీసులు పట్టుకున్న మహ్సా అమీనీ వాళ్ల అదుపులో ఉండగా ప్రాణం కోల్పోయింది. ఆ చనిపోయిన అమ్మాయి గురించి కన్నీళ్లతో రాశావు. 1936 గురించి ఒక్క వాక్యం కూడా రాయలేదు.

చివర్లో పాతబస్తీ గురించి రాసిన పేరా తీసేయి. అది దూరం నుంచి చూసి రాసింది. ఇరానీ హోటల్లో నఖాబ్ వేసుకున్న మనిషి ఎలా తింటుందో ఎప్పుడైనా చూశావా? ఎడమ చేత్తో ముఖం మీది గుడ్డ కొసను రవ్వంత ముందుకు ఎత్తి పట్టుకుని, కుడిచేత్తో చెంచా కింది నుంచి లోపలికి పోనిస్తుంది. పక్కన కూర్చున్న పిల్లాడి మూతి తుడవడం, ఫోన్లో మాట్లాడటం కూడా ఆ మధ్యలోనే. అక్కడ జాలి పడటానికీ ఏమీ లేదు, మురిసిపోవడానికీ ఏమీ లేదు. ముందు అది చూడు. ఆ తర్వాత ఆమెతో మాట్లాడగలిగితే మాట్లాడు, లేదంటే ఆమె మనసులో ఏముందో రాయకు. పోలింగ్ కేంద్రాల గురించీ తెలుసుకో. మన దగ్గర ముసుగు వేసుకున్న ఓటరును మహిళా సిబ్బంది చాటుగా చూసి గుర్తుపట్టే ఏర్పాటుంది. 2024 మేలో హైదరాబాద్‌లో ఒక అభ్యర్థి తానే ఓటర్ల ముసుగులు ఎత్తించి చూడబోతే పోలీసు కేసయింది. భద్రత గురించి నువ్వు రాసిన దానికంతటికీ ఆ చిన్న ఏర్పాటులో జవాబుంది.

ఒక్కటి మాత్రం వదలకు. ఫాదెలా అమారా గురించి నువ్వు రాసిన పేరా వ్యాసంలో అన్నిటికంటే బాగుంది. అల్జీరియా నుంచి వలస వచ్చిన ముస్లిం కుటుంబంలో పుట్టి, పేదల వాడల్లో ఆడపిల్లల కోసం కొట్లాడి, ఫ్రాన్స్‌లో మంత్రిగా ఉండి నిషేధాన్ని కోరిన మనిషి ఆమె. నాలాంటి వాళ్లకు అసలైన ఇబ్బంది ఆమెతోనే. ఆమెకు జవాబు చెప్పడం నాకు ఇప్పటికీ తేలిక కాదు. ఆ పేరాను నాలుగో పేజీ నుంచి తెచ్చి మొదట్లో పెట్టు, వెంటనే మో కోర్టు సంగతి రాయి. తిరగరాసి పంపు, చదువుతాను.

ప్రేమతో,
అక్క