గొలుసు బీరువాలోనే ఉండనివ్వండి

ప్రశ్న: మాది గాజువాక. మా అబ్బాయి పాలిటెక్నిక్ పూర్తిచేశాడు, డిప్లొమావాళ్లు బీటెక్‌లో చేరడానికి రాసే ఈసెట్‌లో ర్యాంకు కూడా వచ్చింది. కానీ బీటెక్ వద్దంటాడు, కంప్యూటర్ నెట్‌వర్కింగ్ చేస్తాడట. ద్వారకానగర్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ సిస్కో కంపెనీ ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్లు సీసీఎన్ఏ (మొదటి మెట్టు), సీసీఎన్‌పీ (పై మెట్టు) రెండూ కలిపి లక్షా నలభై వేలు అడుగుతోంది. నా దగ్గర 60 వేలున్నాయి. మిగతాదానికి మా ఆవిడ గొలుసు తాకట్టు పెట్టనా?

జవాబు: వద్దండీ. అబ్బాయి ఎంచుకున్న పనిలో తప్పేం లేదు. అపార్ట్‌మెంట్లలో సీసీ కెమెరాలకు కేబుళ్లు లాగి, క్రింపింగ్ టూల్‌తో కనెక్టర్లు బిగించి నెలకు నాలుగైదు వేలు తెస్తున్నాడని రాశారు. అలాంటివాడికి ఈ రంగం సరిపోతుంది. నా పేచీ ఆ ప్యాకేజీతోనే.

లెక్క చూడండి. సీసీఎన్ఏ పరీక్ష ఫీజు 300 డాలర్లు. డాలరు 90 రూపాయలనుకుంటే 27,000. దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపితే 31,860. ప్రాక్టీసుకు సిస్కో వాళ్ల ప్యాకెట్ ట్రేసర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, మామూలు ల్యాప్‌టాప్ చాలు. ఇక సీసీఎన్‌పీ అంటే రెండు పరీక్షలు, 700 డాలర్లు. మూడు నుంచి ఐదేళ్ల అనుభవం ఉన్నవాళ్లు రాస్తే మేలని సిస్కోయే చెబుతుంది. ఇప్పుడే చదువు ముగించిన కుర్రాడికి అదెందుకు? 'జాబ్ గ్యారంటీ' అని కరపత్రం మీద వేస్తారు. అదే మాట రసీదు మీద రాసిమ్మనండి, వాళ్ల ముఖం ఎలా మారుతుందో చూడండి.

చాలామంది గమనించని సంగతి ఇంకొకటుంది. సీసీఎన్ఏ మూడేళ్లే చెల్లుతుంది. ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరితే చదువూ మూడేళ్లే. ఇప్పుడే సర్టిఫికెట్ తెచ్చుకుంటే డిగ్రీ పట్టా వచ్చేసరికి దానికి గడువు తీరుతుంది, మళ్లీ ఖర్చు. డిగ్రీకి ఆ బాధ లేదు. పైగా పెద్ద కంపెనీల్లో దరఖాస్తు ముందు జల్లెడ పట్టేది డిగ్రీతోనే. బ్యాంకు, ప్రభుత్వ ఉద్యోగాల్లోనూ అడిగేది డిగ్రీయే.

కాబట్టి కౌన్సెలింగ్‌కి పంపండి. అర్హత ఉంటే కన్వీనర్ కోటాలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది. ఆ సొమ్ము ఆలస్యమైతే కాలేజీ ముందు మిమ్మల్నే కట్టమంటుంది. అందుకే 60 వేలు ముట్టుకోకండి, ఎఫ్‌డీలో వేయండి. ఇంకా చాలకపోతే విద్యా రుణం ఉంది, 4 లక్షల దాకా ఆస్తి తాకట్టు అడగరు. సీసీఎన్ఏ పరీక్ష ఆఖరి ఏడాదిలో రాయమనండి.

అంత చెప్పినా కాలేజీకి ససేమిరా అంటే పోట్లాడకండి. సీసీఎన్ఏ ఒక్కటే ఇప్పుడు రాయనివ్వండి, ఉద్యోగంలో చేరాక దూరవిద్యలో డిగ్రీ కట్టించండి. మూడేళ్ల గడువు అప్పుడు పనిచేస్తుండగానే గడుస్తుంది, నష్టం ఉండదు. పరీక్ష తప్పితే మళ్లీ పూర్తి ఫీజు కట్టాలి గనుక, మాక్ టెస్టుల్లో మంచి మార్కులు వచ్చాకే తేదీ బుక్ చేయమనండి.