దవడ నొప్పుల వైద్యం నేర్వాలంటే ఏ డిగ్రీ?

ప్రశ్న: మా అమ్మాయి కావలిలో ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. ఆస్టియోపతిలో దవడ, తల, ముఖం నొప్పులు చేత్తోనే తగ్గిస్తారని వీడియోలు చూసి అదే చదువుతానంటోంది. ఆరు వారాంతాల సర్టిఫికెట్ కోర్సు ఉందట. చేర్పించమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండి. ఆస్టియోపతి 1874లో అమెరికాలో ఆండ్రూ టేలర్ స్టిల్ మొదలుపెట్టినది. అక్కడ డీఓ (ఆస్టియోపతి డాక్టరు డిగ్రీ) చదివినవాళ్లు పూర్తిస్థాయి డాక్టర్లే, మందులు రాస్తారు, ఆపరేషన్లూ చేస్తారు. మన దగ్గర ఆస్టియోపతి సర్టిఫికెట్‌తో డాక్టరుగా రిజిస్టర్ కాలేరు. బీపీటీయో (ఫిజియోథెరపీ డిగ్రీ), బీడీఎస్సో (దంతవైద్య డిగ్రీ) చేశాక నేర్చుకుంటే అది చేతిలో ఇంకో పనిముట్టు, అంతే.

ఆ ఆరు వారాంతాల్లో నేర్వకుండా ఏం మిగిలిపోతుందో చూడండి. చెవి ముందు వేలు ఆనించి నోరు తెరిస్తే దవడ కీలు కదలడం తెలుస్తుంది. మొదటి 20-25 మి.మీ. వరకు కింది దవడ గుండు (కీలులో కూర్చునే గుండ్రటి కొన) దాదాపు ఉన్నచోటే తిరుగుతుంది. ఆపైన కీలు మధ్యలో మెత్తలా ఉన్న డిస్క్‌తో కలిసి ముందుకు జారుతుంది. పెద్దవాళ్లకు నోరు 40 మి.మీ. దాకా తెరుచుకోవాలి. లెక్క సులువు: ఎవరి వేళ్లు వాళ్లకే మూడు నిలువుగా పట్టాలి. డిస్క్ ముందుకు తప్పుకుని ఉంటే గుండు దాని మీదికి ఎక్కేటప్పుడు టక్కుమంటుంది. నొప్పి లేని ఒట్టి టక్కుకు వైద్యమే అక్కర్లేదు. కానీ ఏళ్లుగా ఉన్న చప్పుడు ఉన్నట్టుండి ఆగి, నోరు సగమే తెరుచుకుంటే నయమైనట్టు కాదు. డిస్క్ అడ్డుపడిందని అర్థం. అప్పుడు గడ్డం కీలు పట్టేసిన వైపుకే వంకరపోతుంది.

వక్క, గుట్కా నమిలే మనిషికి మూడు వేళ్లు పట్టకపోతే కీలునే అనుమానించకూడదు. టార్చి వేసి చూస్తే బుగ్గ లోపల తెల్లగా పాలిపోయి, తడిమితే నారల్లా గట్టిగా తగులుతుంది. అది కొందరిలో క్యాన్సర్‌గా మారుతుంది. దాన్ని గుర్తించకుండా మర్దన చేస్తూ కూర్చుంటే నెలలు పోతాయి. మెట్లెక్కితే వచ్చి, కూర్చుంటే తగ్గే దవడ నొప్పి గుండెదీ కావచ్చు.

పుర్రె ఎముకల 'లయ' వేళ్లతో పట్టుకుంటామనే క్రేనియల్ పద్ధతికి మాత్రం డబ్బు పెట్టొద్దు. ఒకే మనిషిని ఇద్దరు నిపుణులు పరీక్షిస్తే వాళ్ల లెక్కలు కలవలేదని పరిశోధనల్లోనే తేలింది. నమిలే కండరాలను వేళ్లతో వదులు చేయడం, నోటి వ్యాయామాలు అలా కాదు, పనికొచ్చేవే. అవి ఫిజియోథెరపీలోనూ ఉన్నాయి.

మెడ, వెన్ను, కీళ్లన్నీ ఇష్టమైతే బీపీటీ, ఆపైన రెండేళ్ల ఎంపీటీ (ఫిజియోథెరపీలో పీజీ). దవడ మీదే మనసుంటే బీడీఎస్, ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదేళ్లు. నెల్లూరులోనే నారాయణ డెంటల్ కాలేజీ ఉంది. తర్వాత మూడేళ్ల ఎండీఎస్‌లో (దంతవైద్యంలో పీజీ) ఓరల్ మెడిసిన్, అంటే నోటి, దవడ జబ్బుల విభాగం తీసుకోవచ్చు. బీడీఎస్‌కు నీట్ తప్పదు కాబట్టి ముందు ఆ దరఖాస్తు తేదీ చూసుకోండి.

సర్టిఫికెట్ కోర్సువాళ్లను ఒక్క మాట అడగండి: దీంతో ఏ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ వస్తుంది? కాగితం మీద రాసిచ్చేదాకా అడ్వాన్సు కట్టకండి.