అల్లుడికి, కాయిన్ల కంపెనీ గురించి

కిరణ్,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు ఉద్యోగం మానేసి ఇద్దరు దోస్తులతో కంపెనీ పెడుతున్నావట. గేమ్ ఆడేవాళ్లు కాయిన్లు కొని, ఎవరు గెలుస్తారో పందెం కట్టుకునే సైట్ అట. కోడ్ మొత్తం నువ్వే రాశావని చెబుతుంటే నాకు గర్వంగానే అనిపించింది. ఎనిమిదో తరగతి సెలవుల్లో మా వకీలు సాబ్ ఆఫీసులో కూర్చొని, పాత కంప్యూటర్‌లో తెలుగు టైపింగ్ పెట్టిపోయిన పోరడివి కదా నువ్వు. అక్కడ పిటిషన్లు ఇప్పటికీ నువ్వు చేసిన ఫార్మాట్‌లోనే వస్తున్నాయి.

ఫోన్ పెట్టేసే ముందు అక్క ఇంకో మాట అంది. "పైసలు పడడానికి కొన్నాళ్లు నా బ్యాంకు ఖాతా వాడుకుంటాడట తమ్మీ." ఆ తర్వాత నాకు నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే "సరే మామా" అని కట్ చేస్తావు. అందుకే రాస్తున్నాను.

కంపెనీ రిజిస్ట్రేషన్, పాన్, జీఎస్టీ సంగతులు సీఏ చూసుకుంటాడు. రిజిస్ట్రేషన్ అయినంత మాత్రాన చేసే వ్యాపారం చట్టబద్ధమైపోదు. దోస్తులతో ఒప్పందం కాగితం మీద ఉండాలి. ఇవి నీకు తెలియనివి కావు.

"అవి పైసలు కాదమ్మా, ఉత్త కాయిన్లు" అన్నావట. ఈ మాట మన ఇంట్లో నీకంటే ముందే ఒకాయన అన్నాడు. మా చిన్నాయన, నీకు చిన్న తాత. నువ్వు పుట్టకముందే పోయాడు. ఆయన గురించి మీ అమ్మ నీకు చెప్పి ఉండదు.

తునికాకు కాంట్రాక్టరు దగ్గర లెక్కలు రాసేవాడు చిన్నాయన. మంచి తెలివైనవాడు. నాకు మొదటి వాచీ కొనిచ్చింది ఆయనే. మా ఇంటి ముందు గదిలో పత్తాలాట పెట్టాడు. అజంజాహి మిల్లు వాళ్లు, కాజీపేట రైల్వే వాళ్లు వచ్చి రమ్మీ ఆడేవారు. గదిలో పైసలు కనబడకూడదని ఎర్రవి, పచ్చవి కూపన్లు అచ్చు వేయించాడు. చాయ్ కూపన్లని పేరు. వచ్చినవాళ్లు కూపన్లు కొనుక్కుని ఆడేవారు. గెలిచినవాళ్లు పక్కనున్న చాయ్ హోటల్లో ఇస్తే, హోటల్ ఆయన రూపాయికి ఐదు పైసలు కోసుకుని మిగతాది చేతిలో పెట్టేవాడు. "నా గదిలో ఒక్క పైసా లేదు, కాగితం ముక్కలతో ఆడుకుంటున్నారు, ఎవడేం చేస్తాడు?" అనేవాడు చిన్నాయన.

ఆయన జేబులో ఒక పేపర్ కటింగ్ ఉండేది. సికింద్రాబాద్ క్లబ్బు కేసులో 1968లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అది. రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని అందులో ఉంది. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చదివి వినిపించేవాడు. అదే తీర్పులో ఇంకో ముక్క కూడా ఉంది. పందెం కాసి ఆడించి, ఆ ఆట మీద ఇంటి యజమానో క్లబ్బో లాభం తీసుకుంటే నేరం అవుతుందని. ఆ ముక్క కటింగ్‌లో లేదు. ఉన్నా ఆయన చదివేవాడు కాదులే.

జీతాలిచ్చిన రోజు సాయంత్రం పోలీసులు వచ్చారు. గదిలో పత్తాలు, కూపన్లు తప్ప ఏమీ దొరకలేదు. అక్కడితో ఆగలేదు వాళ్లు. హోటల్లో గల్లాపెట్టె కింద కూపన్ల కట్టలు, వాటితోపాటు ఒక నోటుబుక్కు దొరికాయి. ఏ వారం ఎన్ని కూపన్లు తిరిగొచ్చాయి, హోటల్ ఆయనకు ఎంత, తనకు ఎంత, అన్నీ చిన్నాయన చేతిరాతలోనే ఉన్నాయి. లెక్కలు రాసేవాడు కదా, రాయకుండా ఉండలేకపోయాడు.

శిక్ష పెద్దదేం పడలేదు, జరిమానా కట్టాడు. ఉద్యోగం పోయింది. అది కూడా కాదు నేను చెప్పాలనుకున్నది. ఇల్లు అవ్వ పేరు మీద ఉండేది. జూదం ఆడించిన గది ఎవరిదైతే వాళ్లూ ముద్దాయే అని అవ్వను కూడా కేసులో చేర్చారు. ఆమెకు పత్తాల్లో రాజు ఎవరో, గులాము ఎవరో తెలియదు. నేను అప్పుడే వకీలు దగ్గర గుమస్తాగా చేరాను. అదాలత్ సెంటర్‌లో బస్సు దిగి, నా చెయ్యి పట్టుకుని, కోర్టు మెట్ల మీద కొంగు తల నిండా కప్పుకుని ఎక్కింది. తర్వాత ఆమె మీద కేసు నిలవలేదు, వదిలేశారు. కానీ ఆ ఏడాది బతుకమ్మకు వాడకట్టు ఆడవాళ్లలోకి పోలేదు.

ఇప్పుడు నీ సంగతి. కాయిన్ పైసలతో కొంటారు. గెలిచినవాడు ఆ కాయిన్లు ఇచ్చి గిఫ్ట్ కార్డు తీసుకుంటాడు, లేదా కాయిన్లనే టెలిగ్రామ్ గ్రూపులో అమ్ముకుంటాడు. ఆ గ్రూపు మాది కాదు అంటావు. చాయ్ హోటలూ చిన్నాయనది కాదు. పైగా ఆయన నోటుబుక్కును చింపేయొచ్చు, నీ సర్వర్‌లో ప్రతి కాయిన్ ఎటు పోయిందో టైముతో సహా ఉంటుంది.

మా జూనియర్ వకీలమ్మను కూర్చోబెట్టుకుని చట్టాలు చదివాను. నైపుణ్యం ఆట అన్న దారిని మన తెలంగాణలో 2017లోనే మూసేశారు. 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి, నైపుణ్యం ఆటైనా పందెం కడితే జూదమేనని, ఆన్‌లైన్‌లో జరిగినా అంతేనని పెట్టారు. తర్వాత 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. పైసలు పెట్టి కొన్న క్రెడిట్లు, కాయిన్లు, టోకెన్లు డబ్బుకు సమానమైనా, డబ్బుగా మారేవైనా, వాటిని ఏ పేరుతో పిలిచినా అవి పందెమే అని అందులో రాసుంది. నీ కాయిన్‌ను ముందు పెట్టుకుని రాసినట్టుంది. ఆడించేవాడికి మూడేళ్ల వరకు జైలు, కోటి వరకు జరిమానా. ప్రచారం చేసినవాడికి రెండేళ్లు, 50 లక్షలు. పైసల లావాదేవీ నడిపించినవాడికీ ఆడించినవాడితో సమానంగా శిక్ష. ఆడించడం, పైసల లావాదేవీ నడిపించడం, ఈ రెండూ బెయిల్ దానంతట అది వచ్చే నేరాలు కావు. ఆడినవాడిని మాత్రం ఆ చట్టం బాధితుడిగానే చూసింది. అంటే ఇరుక్కునేది నువ్వే. సర్వర్ బయటి దేశంలో పెడతానన్నా లాభం లేదు, ఇక్కడివాళ్లకు ఆడిస్తే ఇక్కడి చట్టమే.

షరతుల్లో "ఈ కాయిన్లకు విలువ లేదు" అని రాస్తామని నీ దోస్తు అన్నాడట. అమెరికాలో బిగ్ ఫిష్ క్యాసినో అనే యాప్ కూడా అదే చెప్పుకుంది. చిప్స్‌ను పైసలుగా మార్చుకోనివ్వం అంది. 2018లో అక్కడి అప్పీలు కోర్టు, చిప్స్ ఉంటేనే ఆట సాగుతుంది కాబట్టి వాషింగ్టన్ రాష్ట్ర చట్టం ప్రకారం అవి విలువైనవే అని తేల్చింది. ఆ తీర్పు మనకు వర్తించదు. షరతుల కాగితాన్ని నమ్ముకుని కోర్టుకు పోతే ఏమవుతుందో తెలియడానికి చెబుతున్నాను.

ఇంత తిట్టి, చేయొద్దని ఊరుకోను. ఆ కొత్త చట్టమే ఈ-స్పోర్ట్స్‌ను ఒప్పుకుంది. ఎంట్రీ ఫీజు తీసుకుని పోటీ పెట్టి, బాగా ఆడినవాడికి బహుమతి ఇవ్వొచ్చు. దానికి గుర్తింపు, రిజిస్ట్రేషన్ కావాలి, ఎవరూ పందెం కట్టకూడదు. పందెం లేకుండా సరదాకి ఆడే ఆటలకు చందా కూడా తీసుకోవచ్చు. నీ కోడ్‌లో టోర్నమెంట్ భాగం ఉంది కదా, అది ఉంచు. పందెం, గిఫ్ట్ కార్డు భాగాలు తీసెయ్యి. పైసలు తక్కువొస్తాయి, తెలుసు.

ఇక అక్క ఖాతా. అంగన్‌వాడీ జీతం అందులోనే పడుతుంది. సైబర్ కేసుల్లో పోలీసులు ముందు చేసే పని ఖాతా ఫ్రీజ్ చేయించడం. అది విడిపించమని కోర్టులో పిటిషన్లు వేసే తల్లుల్ని చూశాను. "నాకేం తెలియదు సార్, మా బాబు అడిగితే ఇచ్చాను" అంటారు. నీ క్యూఆర్ కోడ్‌కు ఆమె ఖాతా తగిలించావా, నేను నీతో మాట్లాడను. ఇది బెదిరింపు అనుకో, ఏమైనా అనుకో. ఏటీఎం కార్డు, పాస్‌బుక్కు తెచ్చి నా బీరువాలో పెట్టుకున్నాను, ఆమెను అడిగి సతాయించకు.

ఆదివారం ల్యాప్‌టాప్ తీసుకుని హనుమకొండ రా. వకీలమ్మ పదకొండు గంటలకు వస్తానంది. ఆ కాయిన్లు ఎటు నుంచి వచ్చి ఎటు పోతాయో ఆమెకు తెర మీద చూపించు. దోస్తులిద్దరినీ తీసుకురా, మీ అత్త సర్వపిండి చేస్తానంది. అప్పటిదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టకు.

మీ మామ