వర్ధంతి ఎవరికి? జయంతి దేనికి?

సందేహం: మార్చి 25న ఒక వ్యాసంలో 'నేడు గ్రీకు విప్లవ వర్ధంతి, ఆధునిక ఒలింపిక్స్ జయంతి' అని చదివాను. విప్లవానికి వర్ధంతి ఏమిటండీ? – ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీకు ఎబ్బెట్టుగా తోచడం సహజమే. అయినా ఆ రాసినవారిని పూర్తిగా తప్పుపట్టడానికి మనసొప్పడం లేదు. వర్ధంతికి మూలం 'వృధ్' ధాతువు. పెరగడం దాని అర్థం. వృద్ధి, వర్ధనం, వర్ధమానం, మన 'వర్ధిల్లు', అన్నీ దాన్నుంచి వచ్చినవే. ఆ ధాతువు ఆత్మనేపది, అంటే 'అంతి' కాక 'మాన' చేరే రకం, కాబట్టి 'వర్ధమాన' అనే రూపమే శుద్ధమని వాదించవచ్చు, అది అలా ఉంచండి. కన్నడంలో నేటికీ వర్ధంతి అంటే పుట్టినరోజు; మైసూరు మహారాజుల వర్ధంతి జన్మదిన వేడుకే. తెలుగులో జయంతి పుట్టుకను ఆక్రమించుకోగా దీనికి చావు మిగిలిందని నా ఊహ. 'నూరేళ్లు వర్ధిల్లు' అని దీవించే మనమే పోయినవారికి వర్ధంతి జరుపుతున్నాం. ఇంత మంచి మాటకు ఈ గతి పట్టినందుకు నాకు బాధే.

జయంతి మొదట రోహిణితో కూడిన శ్రావణ బహుళాష్టమికి పేరు, అంటే కృష్ణుడు పుట్టిన రాత్రికి. తర్వాత నృసింహుడికీ, హనుమంతుడికీ, గాంధీగారికీ వచ్చింది. రజత జయంతి, స్వర్ణ జయంతి స్థిరపడిపోయాయి కనుక సంస్థలకు కూడదని గట్టిగా అనలేను. ప్రతి సంఘటనకూ జయంతి తగిలించడం మాత్రం ఇప్పటి రాతల్లోని బద్ధకం.

ఇక ఆ తేదీ సంగతి. మార్చి 25 గ్రీకులకు మంగళవార్త పండుగ, అంటే యేసు పుట్టబోతున్నాడని దేవదూత మరియకు చెప్పిన రోజు. ఉపవాస దినాల మధ్య వచ్చే ఈ పండుగనాడు చేపకు మినహాయింపు ఉంటుంది; ఉప్పుచేప వేపుడు వెల్లుల్లి ముద్దతో తింటారు. 1821లో ఆ రోజే బిషప్ గెర్మనోస్ అయా లావ్రా మఠంలో ఒట్టోమన్ తుర్కుల పాలన మీద తిరుగుబాటు జెండా ఎత్తాడని ఐతిహ్యం. నిజానికి కలమాటా పట్టణం మార్చి 23నే తిరుగుబాటుదారుల వశమైంది. 1838లో ఒట్టో రాజు 25ను జాతీయ పండుగ చేశాడు. 1896లో ఏథెన్సులో ఒలింపిక్స్ మొదలైనదీ అక్కడి లెక్కలో మార్చి 25నే. మనం ఏప్రిల్ 6 అని చదువుకుంటాం, ఎందుకంటే అప్పటికి గ్రీసు, మన ఇప్పటి లెక్కకు పన్నెండు రోజులు వెనక నడిచే పాత జూలియన్ క్యాలెండరులోనే ఉంది. 1923లో ఫిబ్రవరి 15 మర్నాడే మార్చి 1 పెట్టుకుని కొత్త లెక్కలోకి వచ్చింది. 'ఇదే రోజున' అని రాసే ముందు ఏ లెక్క ప్రకారమో చూసుకోవద్దా? మనకు తిథికీ తేదీకీ తేడా తెలుసు కదా, పరాయి చరిత్ర దగ్గర ఆ జాగ్రత్త ఎందుకు వదిలేస్తాం?

విప్లవానికి 'వార్షికోత్సవం' హాయిగా సరిపోతుంది, అక్కడ జరిగేది ఉత్సవమే. ఒలింపిక్స్‌కూ అదే మేలు. జయంతి అన్నా కొట్టేయను. చిక్కల్లా 1924తో. ఆ మార్చి 25న గ్రీసు గణతంత్రమైంది, 1935లో రాజు తిరిగొచ్చాడు. పదకొండేళ్లకే పోయిన ఆ గణతంత్రానికి ఉత్సవం అనడానికి నోరు రాదు. 'గణతంత్ర ప్రకటనకు ఇన్నేళ్లు' అని రాస్తే చాలనుకుంటాను.